మెట్ల క్రింద గోగుచేను

హౌరా స్టేషనులో బర్ధమాన్ వైపు వెళ్ళే లోకల్ బండి ఎక్కి లిలువాలో దిగదలచినవాడు కూర్చునే చోటు వెదకనక్కరలేదు. బండి కదిలిన తరువాత వచ్చే మొదటి స్టేషనే లిలువా. దూరం సుమారు అయిదు కిలోమీటర్లు. అల్లం టీ అమ్మే కుర్రవాడు పెట్టె ఈ చివర నుండి ఆ చివరకు చేరేలోగా దిగవలసి ఉంటుంది. తూర్పు భారతంలో మొట్టమొదటి ప్రయాణికుల రైలు 1854 ఆగస్టు 15న హౌరా నుండి హుగ్లీకి నడిచిన దారి ఇదే.

స్టేషను దాటితే రైల్వే కార్ఖానా ప్రహరీగోడ మొదలవుతుంది. 1900లో ఈస్టిండియన్ రైల్వే వారు ఇక్కడ పెట్టెలకు, వ్యాగన్లకు మరమ్మతులు చేసే కర్మాగారాన్ని నెలకొల్పినారు. 1928లో నెలల తరబడి సాగిన సమ్మెతో ఈ ఊరి పేరు దేశమంతటా వినబడినది. ఇప్పటికీ ఉదయం వేళ గేటు ముందు సైకిళ్ళ బారు తీరే ఉంటుంది. ఇంకొక వైపు గ్రాండ్ ట్రంక్ రోడ్డు. దానికి ఇరుప్రక్కల చిన్న చిన్న ఇనుప పోత కార్ఖానాలు. వాటి వెనుక గలీలు. ఆ గలీలలో ఒక ఇంటి మేడ నుండి చేయి చాచితే ఎదుటి ఇంటి పిట్టగోడ తగులుతుంది. అటువంటి చోట నేల అంతస్తులో ఉన్నవారికి సూర్యుడంటే పైఅంతస్తువారు చెప్పే సంగతి మాత్రమే.

మా పిన్ని కాపురం అటువంటి నేల అంతస్తులోనే. బాబాయి ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో పనిచేసి రిటైరైనారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి విజయనగరం, శ్రీకాకుళం వైపుల నుండి వెళ్ళి అక్కడ స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలలో వారిదొకటి. బాబాయి పోయిన తరువాత ఆమె కొడుకు దగ్గరకు వచ్చినది. కొడుకుకు లిలువా కార్ఖానాలో ఉద్యోగం. ఖరగ్‌పూర్‌లో ఉన్నన్నాళ్ళూ ఆమెకు పెరడున్నది. పెరటిలో తులసికోట, బీరపాదు, గోంగూర మడి ఉన్నవి. లిలువాకు తెచ్చుకున్నది మట్టికుండీలో ఒక్క తులసి మొక్క మాత్రమే. నేను వెళ్ళేనాటికి అది పుల్లగా మిగిలినది. దానిని పారవేయడానికి ఆమెకు మనసు రాలేదు. మేడ మీదకు చేర్చుదామంటే మూడు అంతస్తుల మెట్లు. ఆమె మోకాళ్ళు ఒక్క అంతస్తుకే మొరాయిస్తాయి.

నేను అనువాదకుడను. ఒక ఆంగ్ల గ్రంథాన్ని తెలుగు చేస్తూ, నేషనల్ లైబ్రరీలో కొన్ని పాత పుస్తకాలు చూడవలసివచ్చి ఆగస్టు చివర లిలువాలో దిగాను. రెండు నెలలు ఉండాలని నిర్ణయం.

నోటుపుస్తకంలో పటం

ఒక రాత్రి పిన్ని మనుమడు, కాలేజీ రెండవ సంవత్సరం చదువుతున్నవాడు, నోటుపుస్తకంతో నా దగ్గరకు వచ్చాడు.

"పెదనాన్నా, మీరు ఇంగ్లీషు లిటరేచరు కదా. ‘ఫోటోపీరియడ్’ అంటే తెలుగులో ఏమంటారు?"

"కాంతికాలం అనవచ్చు. దేనికి?"

పేజీ చూపించాడు. మా ఇంటి మెట్ల క్రింది ఖాళీ చోటును కొలిచి శ్రద్ధగా పటం గీశాడు. పొడవు 4 అడుగులు, వెడల్పు 2 అడుగులు, ఎత్తు ఆరున్నర. పైన 200 వాట్ల దీపం, గోడలకు తళతళలాడే రేకు, గాలికి పంకా, వాసన పోవడానికి గొట్టం. ‘మొదటి పంట’ అని శీర్షిక. అంచున బొమ్మగా వేసిన ఆకును చూడగానే సంగతి అర్థమైనది. వ్రేళ్ళు విప్పిన చేయి వంటి ఆ ఆకు గంజాయిది.

నాకు మొదట కోపం, ఆ తరువాత భయం కలిగినవి. గొంతు తగ్గించి, "ఎవరి కోసంరా ఇది?" అని అడిగాను.

వాడు నా వంక చూడకుండా జవాబిచ్చాడు. "నానమ్మకు. రాత్రిళ్ళు మోకాళ్ళు పట్టుకొని కూర్చుంటుంది. దాని నూనె నొప్పులకు పనిచేస్తుందట. కొనడానికి డబ్బు లేదు. పండిస్తే ఎవరికీ తెలియదు గదా."

అది నిజమో, సగం నిజమో నాకు తెలియదు. ఆ వయసులో సగం నిజాలు మనకు మనమే చెప్పుకుంటాము. కాని పిన్ని రాత్రిళ్ళు కూర్చుని ఉండడం నేనూ చూశాను.

వాడికి ముందు చట్టం చెప్పాను. 1985 నవంబరు 14న అమలులోకి వచ్చిన మాదకద్రవ్యాల చట్టం క్రింద అనుమతి లేకుండా గంజాయి మొక్కను పెంచడమే నేరం. మెట్ల క్రింద పెంచినా, మన్యంలో పెంచినా ఒకటే. పది సంవత్సరాల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చును. శివరాత్రికి, హోలీకి కొన్ని రాష్ట్రాలలో అమ్మే భంగు ఆకు మాత్రమేనని, పూగుత్తి కాదని, అందుకే ఆ చట్టపు నిర్వచనంలో చేరలేదని, అయితే మొక్క పెంచుకోవడానికి అది అనుమతి కాదని వివరించాను. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరున విశాఖ మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించిన సంగతీ చెప్పాను. ఇంటి యజమాని ఫిర్యాదు చేస్తే జైలుకు పోయేది వాడొక్కడే కాదు. రైల్వేలో ఉన్న తండ్రి ఉద్యోగానికీ ముప్పు.

వాడు పటమున్న పేజీని చింపబోయాడు. నేను పట్టుకున్నాను. "చింపకు. మొక్క తప్పు గాని పటం తప్పు కాదు. ఆదివారం నాతో శివపూర్ రా" అన్నాను.

శివపూర్‌లో రెండు పాఠాలు

లిలువా నుండి హౌరాకు వచ్చి బస్సు పట్టుకుంటే శివపూర్ బొటానికల్ గార్డెన్ చేరవచ్చు. 1787లో కర్నల్ రాబర్ట్ కిడ్ పూనికతో హుగ్లీ ఒడ్డున మొదలైన ఈ తోటకు ఇప్పుడు ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరు పెట్టినారు. దీని రెండవ అధిపతి మన తెలుగువారికి పరాయివాడు కాడు. 1793లో ఇక్కడకు వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ అంతకు ముందు సామర్లకోటలో ఉండి గోదావరి సీమ మొక్కలను పరిశీలించినవాడు. ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ అనే ఆయన గ్రంథంలో మొక్కల తెలుగు పేర్లు కూడా కనిపిస్తాయి. ఓడల తాళ్ళకు ఏ నార గట్టిదో తేల్చడానికి జనుము, గోగు, జనపనార, గంజాయి నారలపై పరీక్షలు జరిపినవాడూ ఆయనే.

మా వాడికి గంజాయి చరిత్ర అక్కడ ఒక బెంచీ మీద కూర్చుని చెప్పాను. కలకత్తా మెడికల్ కాలేజీలో రసాయనశాస్త్రం బోధించిన ఓషానెసీ అనే ఐరిష్ వైద్యుడు 1839లో కీళ్ళవాతం, ధనుర్వాతం వంటి రోగాలపై గంజాయి అరకును పరీక్షించి వైద్యసభకు నివేదించినాడు. పాశ్చాత్య వైద్యంలోకి ఆ మందు ఈ నగరం నుండే వెళ్ళినది. (మన దేశానికి టెలిగ్రాఫు తీగెలు వేయించినవాడు కూడా ఈయనే.) ఉత్తర బెంగాల్‌లోని నావ్‌గావ్‌లో ప్రభుత్వ లైసెన్సుతో గంజాయి సాగు చేసేవారు, 1917లో ఆ రైతులకు సహకార సంఘం కూడా ఏర్పడినది. 1893–94లో నియమితమైన హెంప్ డ్రగ్స్ కమిషన్ వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి, పూర్తి నిషేధం అక్కరలేదని, పన్ను, అదుపు చాలునని తేల్చినది. 1961లో అంతర్జాతీయ ఒప్పందం, 1985లో మన చట్టం వచ్చిన తరువాత ఆ కాలం ముగిసినది. ఇప్పుడు జమ్మూలోని సి.ఎస్.ఐ.ఆర్. పరిశోధనాలయం వంటి సంస్థలు ప్రభుత్వ అనుమతితో ఆ మొక్కపై పరిశోధిస్తున్నవి.

"అంటే నేను చదివినది అబద్ధం కాదు" అన్నాడు వాడు.

"అబద్ధం కాదు. కాని మందును మోతాదు తెలిసినవాడు ఇవ్వాలి. ఇంట్లో కాచిన నూనెలో ఏ పాలు ఎంత ఉన్నదో నీకూ తెలియదు, నాకూ తెలియదు. త్రాగేది డెబ్బయి ఏళ్ళ మనిషి."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. లేచి మర్రిచెట్టు వైపు నడిచాము. శివపూర్ మహావటవృక్షం మూడున్నర ఎకరాలకు పైగా పరచుకొని ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దంలో వచ్చిన తుపానులకు దెబ్బతిని, బూజు పట్టిన మూలమానును 1925లో తొలగించినారు. అయినా ఊడలే కాండాలై చెట్టు నిలిచినది. మా వాడు దానిని చూచి, "దీనికి ఎంత చోటు కావాలో అంతా తీసుకున్నది" అన్నాడు. చోటును గురించి మొదటి పాఠం అదే. మొక్క మన గదికి సరిపోదు. మన గదికి సరిపోయే మొక్కను మనం వెదకాలి.

రెండవ పాఠం వెలుగును గురించి. 1912లో టూర్న్వా అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గంజాయి జాతి మొక్కలు పగలు కురచయైనప్పుడు త్వరగా పూస్తాయని గమనించినాడు. 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ అనేవారు పొగాకు మీద ప్రయోగాలు చేసి, అనేక మొక్కలు పగటి పొడవును బట్టి పూతకు వస్తాయని నిరూపించినారు. వాడు నన్ను అర్థమడిగిన ‘కాంతికాలం’ అదే.

తిరుగు ప్రయాణంలో ఒక పాత తప్పు గుర్తుకు వచ్చినది. చాలా ఏళ్ళ క్రితం ఒక పుస్తకంలో ‘హెంప్’ అన్నచోటల్లా నేను ‘జనుము’ అని వ్రాశాను. జనుము వేరే కులపు మొక్క. ఇంగ్లీషువారు నారనిచ్చే ప్రతి మొక్కకూ ‘హెంప్’ తోక తగిలించినారు. మన గోగును ‘దక్కన్ హెంప్’ అన్నారు. లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయ నామంలో అది ‘హైబిస్కస్ కన్నాబినస్’. అనగా గంజాయిని పోలిన మందార. ముదిరిన గోగు ఆకు అయిదు వ్రేళ్ళుగా చీలి అచ్చం గంజాయి ఆకులాగే కనిపిస్తుంది. ఆ గోగు కూరయే గోంగూర.

"మీ నానమ్మ ఖరగ్‌పూర్‌లో వదలి వచ్చిన మడి అదేరా" అన్నాను. వాడి ముఖంలో నవ్వు రావడం ఆ రోజు అదే మొదటిసారి.

కొలతలు

ఇంటికి రాగానే పటం మళ్ళీ తీశాము. వాడు ఫోనులో వెలుగును కొలిచే సాధనం పెట్టుకున్నాడు. మధ్యాహ్నం మేడ మీద 85,000 లక్సులు, వంటింటి కిటికీ దగ్గర 700, మెట్ల క్రింద 12. మన కంటిపాప చీకటిలో పెద్దదై మనలను మోసం చేస్తుంది. మెట్ల క్రింద పుస్తకం చదవగలిగినంత మాత్రాన అక్కడ మొక్కకు తిండి ఉన్నదని కాదు. పిన్ని తులసి ఎందుకు పోయినదో ఆ మూడు అంకెలలో తేలినది.

పటంలో పెద్ద లోపం ఎత్తులో ఉన్నది. మెట్ల క్రింది చోటు ఒక కొసన ఆరున్నర అడుగులు, రెండవ కొసన రెండడుగులే. వాడు అంతటా ఆరున్నర అనుకున్నాడు. కనుక ఎత్తయిన వైపు గోగు, తగ్గువైపు మెంతి, నడుమ తులసి అని నిర్ణయించాము. దీపాలను పైకప్పుకు బిగించక గొలుసులతో వ్రేలాడదీశాము. దీపం అనుసరించవలసినది కప్పును కాదు, మొక్క చిగురును. ఒంటి బల్బు రెండింతల దూరం పోతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. పొడవైన ట్యూబుకు అంత వేగంగా తగ్గదు గాని తగ్గడం తప్పదు. అందువలన ట్యూబులు చిగుళ్ళకు జానెడు ఎత్తున ఉంచి, మొక్క పెరిగినకొలదీ గొలుసు ఒక్కొక్క కొక్కెం పైకి మార్చాలి.

ఒక్కొక్కటి 20 వాట్ల తెల్లని ఎల్.ఇ.డి. ట్యూబులు నాలుగు తెచ్చాము. గోడలకు రేకు అంటించబోతుంటే పిన్ని చూచి, "రేకెందుకురా, సున్నం కొట్టు. మా ఊర్లో దీపంగూటికి సున్నం ఎందుకేసీవోరు అనుకున్నావు?" అన్నది. సున్నమే వేశాము. ట్యూబులు వెలిగించి కొలిస్తే 9,000 లక్సులు చూపినది. మేడ మీది ఎండలో ఇది పదోవంతు మాత్రమే. ఆ లోటును కొంతవరకు గంటలతో పూడ్చవచ్చు. రోజుకు 14 గంటలు వెలిగేటట్లు టైమర్ స్విచ్ పెట్టాము. రోజుకు 1.12 యూనిట్లు, నెలకు సుమారు 34. వాడి 200 వాట్ల దీపం అదే గంటలు వెలిగితే 84 యూనిట్లు అయ్యేది.

పద్నాలుగు గంటలకు ఇంకొక ప్రయోజనం ఉన్నది. గోగు కూడా పగలు కురచయైతే పూతకు వచ్చే మొక్క. దీర్ఘమైన పగలు చూపినంత కాలం ఆకులే వేస్తుంది. మనకు కావలసినది ఆకే.

బెంగాల్ తేమలో గాలి ఆడకపోతే మొక్క మొదలు కుళ్ళుతుంది. పాత కంప్యూటరు పంకా ఒకటి అమర్చాము. కుండీల క్రింద పళ్ళేలు పెట్టి, కరెంటు ప్లగ్గులను నీళ్ళకు అందనంత ఎత్తున బిగించి, షాకు తగిలితే కరెంటు ఆగిపోయే స్విచ్ వేయించాము. ఈ పనిలో మా తమ్ముడు కార్ఖానా నుండి వచ్చి రాత్రి పది దాకా సాయపడినాడు. నోటుపుస్తకం సంగతి వాడికి నేను చెప్పలేదు. పిన్నికి చెప్పాలా వద్దా అన్నది మనుమడికే వదిలాను.

విత్తనాలు ఖరగ్‌పూర్ గోల్‌బజారు నుండి వచ్చినవి. సెప్టెంబరు మొదటి వారంలో పిన్నియే స్వయంగా చల్లినది. ఆ వారంలోనే ఆమెను ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్ళాము. ఆయన మందులతో పాటు రోజూ చేయవలసిన వ్యాయామం చెప్పినారు. కాలు చాచి వంచే ఆ వ్యాయామం ఆమె ఒంటరిగా చేయదు; మెట్ల క్రింద దీపం ముందు పీట వేసుకొని, మనుమడు లెక్కపెడుతుంటే చేసేది.

విశ్వకర్మ పూజ తరువాత

సెప్టెంబరు 17 విశ్వకర్మ పూజ. ఆ రోజున లిలువా మరొక ఊరు. కార్ఖానాలో, పోత కొట్లలో యంత్రాలకు పూలదండలు. మేడలన్నిటి మీద గాలిపటాలు. పిన్ని మేడ ఎక్కలేకపోయినది. గుమ్మంలో కూర్చుని, రెండు ఇళ్ళ నడుమ కనిపించే జానెడు ఆకాశంలో దాటిపోయే పటాలను లెక్కపెట్టినది. ఆ సాయంత్రం మెంతికూర తొలికోత. నలుగురికి సరిపడా పప్పులోకి వచ్చినది.

గోగు పొలంలో వలె లావెక్కలేదు. సన్నగా, కాస్త వాలుగా పెరిగినది. అక్టోబరు నడుమకు మోకాలెత్తు దాటి, ఆకులు వ్రేళ్ళు విప్పసాగినవి. అప్పుడు వచ్చినాడు ఇంటి యజమాని. ఎదుటి వాటావారెవరో మెట్ల క్రింద రాత్రి దాకా దీపాలు వెలుగుతున్నాయని, ఏదో ఆకు పెంచుతున్నారని చెప్పినారట. ఆయన ఆ ఆకును చూడగానే ముఖం మారినది. మా వాడి ముఖం అంతకంటే పాలిపోయినది. చేయని నేరానికి కాదు, చేయబోయినదానికి వాడు వణుకుతున్నాడని నాకొక్కడికే తెలుసు.

పిన్ని తొణకలేదు. ఒక ఆకు త్రుంచి తాను నమిలి, ఇంకొకటి ఆయన చేతిలో పెట్టి, రైల్వే కాలనీ బెంగాలీలో, "టక్, టక్" అన్నది; పులుపు అని. నేను తేడా చూపించాను. గంజాయి ఆకు ఒక్కొక్క రెమ్మ విడివిడిగా ఉంటుంది. గోగు ఆకు ఎంత చీలినా మొదట కలిసే ఉంటుంది. గోగు కాడకు సన్నని ముళ్ళుంటాయి. ఆయన కాడ తడిమి చూచి, "ఓ, మేస్తా!" అన్నాడు. ఆయన తండ్రి జూటు మిల్లులో పనిచేసినాడట. నెల్లిమర్ల వైపు మనం గోగునార అనే దానినే బెంగాల్ మిల్లులలో మేస్తా అంటారు. తెలుగు కూలీలు ఒకనాడు హుగ్లీ ఒడ్డు మిల్లులకు వచ్చిన దారిలోనే ఆ నార కూడా వచ్చినది. వెళ్ళేటప్పుడు ఆయన చిన్న గిన్నెలో పచ్చడి పట్టుకెళ్ళినాడు.

ఆయన వెళ్ళిన తరువాత మనుమడు నానమ్మ ప్రక్కన కూర్చుని నోటుపుస్తకం సంగతంతా చెప్పివేశాడు. పిన్ని విని కొంతసేపు ఊరుకున్నది. "నా కాళ్ళ కోసం నువ్వు జైలుకెళ్తే, నీ కోసం ఈ కాళ్ళతో ఎక్కడెక్కడ తిరగనురా?" అని మాత్రం అన్నది. వాడు తల వంచుకున్నాడు.

నొప్పి పోయినదని చెప్పను. చలికాలంలో ఆమె ఇంకా రాత్రిళ్ళు లేచి కూర్చుంటున్నదట. కాని డిసెంబరులో ఒక అంతస్తు మెట్లు ఎక్కి దిగినదని మా తమ్ముడు వ్రాశాడు. కొత్త తులసికి రెండు కొమ్మలు వేసినవి. విజయవాడ వచ్చేవారెవరో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో నాకొక సీసా గోంగూర పచ్చడి తెచ్చి ఇచ్చినారు.

మొన్న మా వాడు ఫోను చేశాడు. టైమరును 14 గంటల నుండి 11కు తగ్గించినాడట.

"ఎందుకురా? పూతకు వస్తే ఆకు తగ్గిపోతుంది గదా?" అన్నాను.

"రెండు మొక్కలనే వేరే దీపం క్రింద పెట్టాను, పెదనాన్నా. పూయాలి. వచ్చే ఏడు వేయడానికి మన విత్తనం మనకు ఉండాలని నానమ్మ అన్నది."